దయ్యాలు లేని హారర్: ‘విచ్‌ఫైండర్ జనరల్’ వెనక అసలు కథ

పచ్చటి కొండ మీద ఒకడు ఉరికంబం బిగిస్తుంటాడు. సుత్తి దెబ్బ పడ్డప్పుడల్లా ఆ చప్పుడు గాలిలో చాలా దూరం వినిపిస్తుంది. కింద ఊళ్లోంచి కొందరు ఒక ఆడమనిషిని పైకి ఈడ్చుకొస్తుంటారు. ఆమె అరుస్తుంది, కూలబడిపోతుంది, మళ్లీ లేపి లాక్కెళ్తారు. తోడుగా పాదిరి ప్రార్థన చదువుతూ నడుస్తాడు. ఉరి తీసేస్తారు. కొంచెం ఎడంగా గుర్రం మీద కూర్చుని ఒక మనిషి ఇదంతా మౌనంగా చూస్తుంటాడు.

1968లో వచ్చిన బ్రిటిష్ సినిమా ‘విచ్‌ఫైండర్ జనరల్’ ఇలా మొదలవుతుంది. గుర్రం మీద ఉన్నవాడు మాథ్యూ హాప్కిన్స్. కల్పిత పాత్ర కాదు, 1640లలో ఇంగ్లండ్ తూర్పు జిల్లాల్లో మంత్రగత్తెలను పట్టిస్తానని ఊరూరా తిరిగిన మనిషి. ఆ పాత్ర వేసింది విన్సెంట్ ప్రైస్. దర్శకుడు మైకేల్ రీవ్స్‌కు షూటింగ్ నాటికి ఇరవై నాలుగేళ్లు కూడా సరిగ్గా నిండలేదు.

ఈ సినిమా అంటే నాకు చాలా ఇష్టం. కానీ ఇష్టమని చెప్పగానే ఒక చిక్కు వస్తుంది. నిజంగా మనుషుల్ని చంపించినవాడి కథను రాత్రిపూట లైట్లు ఆర్పుకుని, భయపడుతూ ఆనందించడం సరైనదేనా? ఇందులో చూపించింది ఎంతవరకు నిజం? నిజం కానిచోట సినిమా తప్పు చేసినట్టా, లేక కథకు అవసరమైన పని చేసినట్టా? ఈ మూడు ప్రశ్నలూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయి. ముందు సినిమా ఎందుకు భయపెడుతుందో చూస్తే ముడి విప్పడం తేలికవుతుంది.

మనం చిన్నప్పటి నుంచి చూసిన దయ్యాల సినిమాల్లో చేతబడి నిజం. మాంత్రికుడు పిండిబొమ్మకు సూది గుచ్చితే ఎక్కడో ఉన్న మనిషి విలవిల్లాడిపోతాడు. చివర్లో గుడిగంటలు మోగుతాయి, విభూతి పడుతుంది, పీడ వదులుతుంది. ఈ సినిమాలో సూదులు నేరుగా మనిషికే గుచ్చుతారు. ముసలి పాదిరి జాన్ లోస్‌ను పట్టుకుని వీపు మీద పొడుచుకుంటూ పోతారు, సైతాను వేసిన మచ్చ ఎక్కడో ఉందని, అక్కడ పొడిస్తే నొప్పి పుట్టదని వెతుకుతూ. మొత్తం సినిమాలో ఒక్క దయ్యం లేదు, ఒక్క మంత్రం పనిచేయదు. అయినా దీన్ని హారర్ సినిమాల లెక్కలోనే వేస్తారు, నా ఉద్దేశంలో అది సరైనదే. దయ్యం ఉంటే తాయెత్తు కట్టుకోవచ్చు. ఇక్కడ ఎదురుగా ఉన్నది చట్టం, చర్చి, పక్కింటివాళ్లు.

ఇక అసలు హాప్కిన్స్ సంగతి. ఇతను సఫోక్ జిల్లాలో గ్రేట్ వెన్‌హమ్ అనే పల్లెలోని ఒక పాదిరి కొడుకు. ఎప్పుడు పుట్టాడో ఖచ్చితమైన రికార్డు లేదు గానీ, 1620 ప్రాంతమని చరిత్రకారులు అంటారు. అంటే 1645లో పని మొదలుపెట్టేనాటికి పాతికేళ్ల కుర్రాడు. ఎసెక్స్‌లో స్టౌర్ నది ఒడ్డున ఉన్న మానింగ్‌ట్రీలో నివాసం. ఆ ఊళ్లో ఒక దర్జీ భార్యకు జబ్బు చేసింది. ఎలిజబెత్ క్లార్క్ అనే ముసలావిడ ఏదో చేసిందని అనుమానించారు. ఆవిడకు ఒంటికాలు, చేతిలో చిల్లిగవ్వ లేదు. పైగా ఆవిడ తల్లిని కూడా గతంలో మంత్రగత్తె అనే ఉరితీశారు. 1645 మార్చిలో ఆవిడను గదిలో కూర్చోబెట్టి రాత్రుళ్లు నిద్రపోనివ్వకుండా కాపలా కాశారు. ఆ పనిలోకి హాప్కిన్స్, జాన్ స్టెర్న్ అనే మరొకడు వచ్చి చేరారు.

ఈ నిద్రపోనివ్వకపోవడం వెనక ఉన్న లెక్క అర్థమైతేనే మొత్తం వ్యవహారం అర్థమవుతుంది. 1604లో వచ్చిన చట్టం ప్రకారం దుష్టశక్తులతో ఒప్పందం పెట్టుకోవడం మరణశిక్ష పడే నేరం. కానీ దాన్ని కోర్టులో రుజువు చేయడం ఎలా? అందరికంటే బలమైన సాక్ష్యం నిందితురాలి నోటి మాటే. ఆమె చేత ఒప్పించడానికి చిత్రహింసలు పెట్టే హక్కు ఇంగ్లండ్ చట్టం మామూలుగా ఇవ్వదు. యూరప్‌లో చాలాచోట్ల కీళ్లు విరిచి ఒప్పించేవాళ్లు, ఇంగ్లండ్‌లో అది కుదరదు. అందుకే చిత్రహింస అనిపించుకోని చిత్రహింస కావాల్సి వచ్చింది.

గది మధ్యలో స్టూలు వేసి కూర్చోబెడతారు. నిద్ర లేదు, సరైన తిండి లేదు. మంత్రగత్తె దగ్గర పెంపుడు దయ్యాలు జంతువుల రూపంలో ఉంటాయని, వాటికి ఆమె తన రక్తం తాగిస్తుందని అప్పటివాళ్ల నమ్మకం. రెండు మూడు రాత్రులు ఆకలితో ఉంటే అవి తప్పకుండా వస్తాయని కాపలా కాసేవాళ్లు ఎదురుచూసేవాళ్లు. ఈగ వచ్చినా, సాలీడు పాకినా, ఎలుక కనిపించినా అదే సాక్ష్యం. కునుకు పడితే లేపి నడిపిస్తారు, కాళ్లు పొక్కేదాకా. మూడు రాత్రులు నిద్రలేని ముసలి మనిషి ఏదైనా చూస్తుంది, ఏదైనా చెబుతుంది. ఎలిజబెత్ క్లార్క్ తన దయ్యాల పేర్లు చెప్పిందని హాప్కిన్స్ తర్వాత రాసుకున్నాడు. హోల్ట్ అనే తెల్ల పిల్లికూన, శాక్ అండ్ షుగర్ అనే నల్ల కుందేలు, వినెగర్ టామ్ అనే ఎద్దు తల ఉన్న వేటకుక్క. తాను వాటిని కళ్లారా చూశానని కూడా రాశాడు. ఆవిడ మరికొందరి పేర్లు చెప్పింది. వాళ్లు ఇంకొందరి పేర్లు. జులైలో చెమ్స్‌ఫర్డ్ కోర్టులో విచారణ జరిగి ఆవిడను ఉరితీశారు.

మామూలు రోజుల్లో ఇది ఇంత దూరం పోయేది కాదేమో. లండన్ నుంచి అనుభవమున్న జడ్జీలు ఏడాదికి రెండుసార్లు జిల్లాలకు వచ్చేవాళ్లు. వాళ్లలో చాలామందికి ఇలాంటి కేసుల మీద అనుమానం ఎక్కువ. కానీ 1642 నుంచి రాజు చార్లెస్‌కీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం నడుస్తోంది. దారులు భద్రంగా లేవు, జడ్జీల రాకపోకలు దెబ్బతిన్నాయి. చెమ్స్‌ఫర్డ్ విచారణకు పెద్దగా కూర్చున్నది వార్విక్ ప్రభువు రాబర్ట్ రిచ్. ఆయన వృత్తి రీత్యా జడ్జి కాదు. కొడుకులు యుద్ధంలో, ధరలు ఆకాశంలో, పాదిరులు వేదిక మీద సైతాను గురించే మాట్లాడుతున్న రోజులు. వాకిట్లోకి వచ్చి పాలు అడిగిన ముసలావిడను లేదు పొమ్మంటారు. ఆవిడ ఏదో గొణుక్కుంటూ పోతుంది. వారం తిరక్కుండా పిల్లాడికి జ్వరం, లేదా ఆవు చచ్చిపోతుంది. ఆ రోజుల ఫిర్యాదుల్లో ఎన్నింటికో మొదలు ఇదేనని చరిత్రకారులు ఎప్పుడో గుర్తించారు. పెట్టని చెయ్యికి కలిగిన అపరాధ భావం భయంగా మారి, ఆ భయం నిందగా బయటికొచ్చింది.

సినిమాకూ చరిత్రకూ మధ్య ఉన్న పెద్ద తేడా ఇక్కడే ఉంది. సినిమాలో హాప్కిన్స్ కోసం జనం ఎదురుచూస్తుంటారు, నిజమే, కానీ కథ బరువంతా అతని దుర్మార్గం మీద పడుతుంది. చరిత్రలో అతను పిలిస్తే వచ్చినవాడు. ఊళ్లవాళ్లు కబురు పెట్టేవాళ్లు, చందాలు వేసి డబ్బిచ్చేవాళ్లు, అనుమానితుల పేర్లు వాళ్లే ఇచ్చేవాళ్లు. ‘విచ్‌ఫైండర్ జనరల్’ అనే పదవి పార్లమెంటు ఇచ్చింది కాదు, ఆ పేరు పెట్టుకున్నది అతనే. ఊరికి ఇరవై షిల్లింగులకు, అంటే ఒక పౌండుకు, మించి అడగనని తన పుస్తకంలో చెప్పుకున్నాడు. స్టోమార్కెట్ అనే ఒక్క ఊరే ఇరవై మూడు పౌండ్లు ఇచ్చిందని చెబుతారు. అప్పట్లో రోజు కూలి దాదాపు ఆరు పెన్నీలు. పౌండుకు 240 పెన్నీలు కాబట్టి, ఇరవై మూడు పౌండ్లంటే కూలివాడి 920 రోజుల రెక్కల కష్టం. అంత డబ్బు ఎవరూ బలవంతం చేయకుండా ఒక ఊరు ఇచ్చింది.

జాన్ లోస్ కూడా నిజమైన మనిషే. బ్రాండెస్టన్ అనే పల్లెలో పాదిరి, వయసు ఎనభైకి దగ్గర. సినిమాలో ఈయన మంచివాడు, మృదువుగా మాట్లాడతాడు. అసలు లోస్ ఊళ్లోవాళ్లతో ఏళ్ల తరబడి కోర్టు గొడవలు పెట్టుకున్న మనిషి, ఊరికి ఆయనంటే పడదు. ఆయన్ని రాత్రుళ్లు నిద్రలేకుండా పరుగెత్తించారు. ఫ్రామ్లింగమ్ కోట అగడ్తలో నీళ్లలోకి దింపి మునుగుతాడా తేలుతాడా అని చూశారు, తేలితే మంత్రగాడేనని లెక్క. చివరికి హార్విచ్ దగ్గర సముద్రంలో ఓడను ముంచింది నేనేనని ఒప్పుకున్నాడు. 1645 ఆగస్టు 27న బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో పద్దెనిమిది మందిని ఉరితీశారు, వాళ్లలో ఈయనొకడు. అంత్యక్రియల ప్రార్థన చదవడానికి వేరే పాదిరిని రానివ్వకపోతే, ఉరికంబం వైపు నడుస్తూ తన ప్రార్థన తానే చదువుకున్నాడని చెబుతారు. ఈ ఘట్టం సినిమాలో లేదు. నాకైతే మొత్తం హాప్కిన్స్ కథలో ఇంతకంటే గుండె పిండేది లేదు, దాన్ని వదిలేయడం పెద్ద లోటు అనిపిస్తుంది.

సినిమాలో లావెన్‌హమ్ బజారులో ఒకామెను నిచ్చెనకు కట్టి మంటలోకి దింపుతారు. చూడలేం. కానీ ఇంగ్లండ్‌లో మంత్రగత్తెలకు వేసిన శిక్ష ఉరి, కాల్చడం కాదు. 1645లో ఇప్స్‌విచ్‌లో మేరీ లేక్‌ల్యాండ్ అనే ఆమెను కాల్చారు, అది మంత్రాలతో భర్తను చంపిందన్న నేరం మీద. భర్తను చంపడం అప్పటి చట్టంలో ద్రోహం కింద లెక్క, దానికి ఆడవాళ్లకు వేసే శిక్ష కాల్చడం. సినిమాలో కాలిపోయిన ఆమె పేరు ఎలిజబెత్ క్లార్క్ అని పెట్టారు. అసలు క్లార్క్ ఒంటికాలి ముసలావిడ అని పైన చెప్పుకున్నాం. సినిమాలో ఆమె యువతి, మొగుడున్నది.

ఈ మార్పు చిన్నదిగా కనిపిస్తుంది గానీ నాకు ఈ సినిమా మీద ఉన్న అసలు ఫిర్యాదు ఇదే. కథానాయిక సారా అందమైన కుర్రది, లోస్‌కు మేనకోడలు. మావయ్య ప్రాణం కోసం హాప్కిన్స్‌కు లొంగుతుంది. తర్వాత స్టెర్న్ ఆమెను చెరుస్తాడు. ఆమె బాధ అంతా ఆమె కాబోయే మొగుడు రిచర్డ్ మార్షల్ పగకు కారణంగా మారిపోతుంది, ఆమె మనసులో ఏముందో మనకు దాదాపు తెలీదు. చరిత్రలో చచ్చిపోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, విధవలు, ముష్టెత్తుకునేవాళ్లు, నోరున్నవాళ్లు, ఎవరికీ నచ్చనివాళ్లు. సినిమా చూసేవాడు అందమైన అమ్మాయి మీద జాలిపడటానికి కష్టపడక్కర్లేదు. మురికి బట్టలతో, తిట్లతో, ఒంటికాలితో ఉన్న ముసలావిడ మీద జాలిపడేలా చేయగలిగి ఉంటే ఈ సినిమా స్థాయి ఇంకోలా ఉండేది.

మరి ఇన్ని లోటుపాట్లున్నా ఎందుకు ఇష్టం? మొదటి కారణం విన్సెంట్ ప్రైస్. అప్పటికి ఆయనకు యాభై ఆరేళ్లు, గొంతు వణికించి, కనుబొమలు ఎగరేసి హారర్‌ను ఒక వేడుకలా చేసే నటుడిగా పేరు. రీవ్స్ ఆయన్ని కోరుకోలేదు. డోనల్డ్ ప్లెజెన్స్ కావాలనుకున్నాడు. డబ్బు పెట్టిన అమెరికన్ కంపెనీ ప్రైస్‌నే పెట్టాలంది. సెట్‌లో ఇద్దరికీ పడలేదు. నటన తగ్గించమని రీవ్స్ పదే పదే అడిగేవాడు. ఒకసారి ప్రైస్‌కు విసుగొచ్చి, “నేను ఎనభై ఏడు సినిమాలు చేశాను, నువ్వేం చేశావు?” అన్నాడని, “మూడు మంచివి చేశాను” అని రీవ్స్ బదులిచ్చాడని ఈ సినిమా గురించి మాట్లాడే ప్రతివాళ్లూ చెప్పుకుంటారు. ఫలితం మాత్రం తెర మీద ఉంది. ప్రైస్ నవ్వడు, అరవడు. అలసిపోయిన గుమస్తాలా పని చూసుకుంటాడు. సినిమా పూర్తయ్యాక చూసి, రీవ్స్ కోరుకున్నది ఏమిటో తనకప్పుడు అర్థమైందని ప్రైస్ ఒప్పుకున్నాడు. తన మంచి పాత్రల్లో దీన్నొకటిగా చెప్పుకున్నాడు.

ఇంకో మాట. అసలు హాప్కిన్స్ వయసు దర్శకుడి వయసుకే దగ్గర, నటుడి వయసుకు కాదు. ముప్ఫై దాటని కుర్రాడు ఇదంతా చేశాడంటే చూసేవాళ్లు నమ్మలేకపోయేవాళ్లేమో. మనం దుర్మార్గానికి నెరిసిన జుట్టు, బరువైన గొంతు ఉండాలనుకుంటాం. ప్రైస్ అద్భుతంగా చేశాడు కాబట్టే, అసలు మనిషి ఒక కుర్రాడన్న సంగతి మనం మరీ తేలిగ్గా మరిచిపోతాం.

రెండో కారణం ఆ పల్లెసీమ. కెమెరామన్ జాన్ కోకిలన్ సఫోక్ పొలాలను, అడవి దారులను ఎండవెలుగులో ఎంత అందంగా తీశాడంటే, కాసేపు ఇది హారర్ అన్న సంగతే గుర్తుండదు. పాల్ ఫెరిస్ సంగీతం కూడా జానపద పాటలా తియ్యగా ఉంటుంది. చీకటి బంగళా లేదు, పిడుగులు లేవు. ఘోరాలన్నీ పట్టపగలు, పచ్చటి చెట్ల కింద. చీకట్లో జరిగితే కనపడలేదని చెప్పుకోవచ్చు, ఇక్కడ అందరూ చూస్తూనే ఉంటారు.

విడుదలైనప్పుడు దీన్ని చాలామంది తిట్టారు. సెన్సార్‌ వాళ్లు కత్తిరింపులు చేశారు. నాటక రచయిత అలాన్ బెన్నెట్ ఇది హింసతో ఆనందించే, నీతి కుళ్లిపోయిన సినిమా అని రాశాడు. రీవ్స్ ఆయనకు జవాబు రాశాడు. హింస అసహ్యంగా ఉంటుంది కాబట్టి అసహ్యంగానే చూపించాలి, కమ్మగా చూపించడమే అసలు తప్పు అన్నది ఆయన వాదన. నేను రీవ్స్ పక్షమే, ముఖ్యంగా చివరి సీన్ వల్ల. కోటలో మార్షల్ కట్లు తెంచుకుని గొడ్డలితో హాప్కిన్స్‌ను నరుకుతూనే ఉంటాడు. అతని తోటి సైనికుడు చూడలేక హాప్కిన్స్‌ను తుపాకీతో కాల్చి చంపేస్తాడు. మార్షల్ అతని మీద అరుస్తాడు, వాణ్ణి నాకు కాకుండా చేశావని. సారా కేకలు పెడుతూనే ఉంటుంది, ఆ కేకతోనే సినిమా ముగుస్తుంది. పగ తీరితే ప్రేక్షకుడికి ఊరట దొరకాలి. రీవ్స్ ఆ ఊరట ఇవ్వడు.

చరిత్రలో హాప్కిన్స్‌ను ఎవరూ నరకలేదు. అతని పద్ధతులే అతని మీద ప్రయోగించి నీళ్లలో తేల్చారని ఒక జనశ్రుతి ఉంది, అది కథే. జాన్ గౌల్ అనే పాదిరి ధైర్యంగా అతనికి వ్యతిరేకంగా ప్రసంగించి, 1646లో పుస్తకం అచ్చువేశాడు. నార్ఫోక్ కోర్టులో అతని పద్ధతుల మీద ప్రశ్నలు లేచాయి. వాటికి జవాబుగా 1647లో హాప్కిన్స్ ఒక చిన్న పుస్తకం వేశాడు. అందులో అతను ఎదుర్కొన్న మొదటి ప్రశ్న, మంత్రగత్తెలను ఇంత బాగా గుర్తుపడుతున్నావంటే నువ్వే అందరికంటే పెద్ద మంత్రగాడివి కావాలి కదా అని. ఆ ఏడాది ఆగస్టు 12న మిస్ట్లీలో అతన్ని పూడ్చిపెట్టారు. పోయింది బహుశా క్షయతో. శిక్ష ఏమీ పడలేదు. అతనూ స్టెర్న్ కలిసి రెండేళ్లలో వందమందికి పైగా చావుకు కారణమయ్యారని ఎక్కువమంది చరిత్రకారుల లెక్క. 1604 నాటి ఆ చట్టం ఇంగ్లండ్‌లో 1735 దాకా రద్దు కాలేదు.

ఇక్కడ మన సంగతి ఒకటి చెప్పుకోకపోతే తప్పవుతుంది. చేతబడి, బాణామతి, చిల్లంగి అన్న మాటలు మన పేపర్లలో ఇప్పటికీ నేర వార్తల్లో కనిపిస్తున్నాయి. తెలంగాణ పల్లెల్లోనూ, ఉత్తరాంధ్ర ఏజెన్సీలోనూ అనుమానంతో మనుషుల్ని కొట్టిన, పళ్లు ఊడబీకిన, చంపిన ఘటనలు జరిగాయి. అక్కడా మొదలు ఒక జ్వరమో, ఒక చావో, భూమి తగాదానో. గుర్రం మీద వచ్చిన హాప్కిన్స్ ఎవరూ ఉండడు, అయినా పని జరిగిపోతుంది. ఆ వార్తలు చదివే అలవాటున్న నాకు, సినిమాలో ప్రైస్ కంటే అతని వెనక నిలబడ్డ గుంపే ఎక్కువ భయం పుట్టిస్తుంది. దీన్ని చూసి ఆనందించడం తప్పా అన్న మొదటి ప్రశ్నకు నా జవాబు కూడా అదే. చచ్చిపోయినవాళ్ల పేర్లు తెలుసుకుని, గుంపు వైపు కూడా చూస్తూ ఆనందిస్తే తప్పు లేదు.

చూడాలనుకునేవాళ్లకు ఒక్క జాగ్రత్త. అమెరికాలో ఈ సినిమాను అక్కడి ప్రసిద్ధ రచయిత ఎడ్గార్ అలన్ పో రాసిన ఒక పద్యం పేరుతో, ‘ది కాంకరర్ వర్మ్’ అని విడుదల చేశారు. కథకు ఆ పద్యంతో సంబంధం లేదు, పో పేరుకు అమ్మకం ఉందని తగిలించారు. తర్వాత అక్కడి వీడియో కాపీల్లో ఫెరిస్ సంగీతం తీసేసి సింథసైజర్ సంగీతం పెట్టారు. అది దొరికితే వదిలేయండి, ఆ తియ్యటి పాట లేకపోతే సగం సినిమా పోయినట్టే. రీవ్స్ మరో సినిమా తీయలేదు. 1969 ఫిబ్రవరిలో ఇరవై అయిదేళ్ల వయసులో నిద్రమాత్రల మోతాదు మించి చనిపోయాడు. అది ప్రమాదమేనని విచారణలో తేల్చారు.

రెండోసారి చూసేటప్పుడు లావెన్‌హమ్ సీన్‌లో ప్రైస్ ముఖం మీంచి కళ్లు తిప్పి చుట్టూ ఉన్నవాళ్లను చూడండి. కిటికీల్లో, మెట్ల మీద నిలబడ్డవాళ్లను. మంట చల్లారాక పిల్లలు వచ్చి చేరతారు. ఆ బూడిదలో బంగాళాదుంపలు కాల్చుకుంటారు.